కవరు తీసుకున్న చేత్తోనే కానుక: ఒక పర్చేజ్ మేనేజర్ కేసు

ఇది ఒక్క మనిషి కథ కాదు. ఒకే రకం ఉద్యోగంలో ఒకే తీరుగా జారిపోయిన కొందరు విశ్వాసుల వివరాలు కలిపి, ఎవరినీ గుర్తుపట్టే వీలు లేకుండా మార్చి రాసిన కేసు. సంఘ కాపరులకు, పెద్దలకు, సలహా పరిచర్యలో ఉన్నవాళ్లకు పనికొచ్చేలా వివరాలు దాచకుండా ఇస్తున్నాం.

వచ్చినప్పటి పరిస్థితి

వయసు 40 దాటింది. ఒక తయారీ కంపెనీలో పర్చేజ్ మేనేజర్. పెళ్లయింది, ఇద్దరు పిల్లలు. సంఘంలో పాటల బృందాన్ని నడిపిస్తాడు, ఆదివారం కానుకలు లెక్కపెట్టే ఇద్దరిలో ఒకడు. దశమభాగం ఏ నెలా తప్పలేదు. కౌన్సిలింగ్‌కు వస్తూ అతను చెప్పుకున్న సమస్య ఒకటే: "ప్రార్థనలో కూర్చోలేకపోతున్నాను. వాక్యం చదివితే ఎక్కడం లేదు."

ఇలాంటి మాట వినగానే చాలామంది సలహాదారులు బైబిలు పఠన పట్టిక చేతిలో పెడతారు. పొద్దున్నే లేవమంటారు. అది లక్షణానికి మందు. 32వ కీర్తనలో దావీదు తన పాపం ఒప్పుకోకుండా మౌనంగా ఉన్నన్నాళ్లూ ఎముకలు క్షీణించాయన్నాడు. ఎండిపోవడానికి కారణం ధ్యానం తగ్గడం కాదక్కడ, దాచిపెట్టడం. అందుకే మొదటి సిట్టింగులో అడగాల్సినవి రెండు ప్రశ్నలు: ఈ ఎండిపోవడం ఎప్పటి నుంచి? ఆ రోజుల్లో ఇంట్లో, ఆఫీసులో, డబ్బు విషయంలో కొత్తగా ఏం వచ్చింది?

మొదటి ప్రశ్నకు "సుమారు మూడేళ్లు" అన్నాడు. రెండోదానికి జవాబు రావడానికి ఇంకో సిట్టింగు పట్టింది. మూడేళ్ల కిందట కంపెనీకి కొత్త సప్లయర్ వచ్చాడు. బిల్లు మొత్తం మీద 2 శాతం, నగదుగా, కవర్లో ఇస్తున్నాడు. ఇతను అడగలేదు, కాదనలేదు.

సంఘం అప్పటికే చేసిన ప్రయత్నం

ఇది ముందు తెలుసుకోకపోతే అదే పని మళ్లీ చేస్తాం. ఏడాది కిందట అతను ఒక ప్రార్థన కూడికలో లేచి, "లోకాశల్లో పడిపోయాను, నా కోసం ప్రార్థన చేయండి" అని ఏడ్చాడు. అందరూ చేతులుంచి ప్రార్థించారు. తర్వాత 21 రోజుల ఉపవాస ప్రార్థనకు కూర్చున్నాడు. ఆ 21 రోజులూ కవరు తీసుకోలేదు. 22వ రోజు తీసుకున్నాడు.

ఎందుకంటే ఆ ఒప్పుకోలులో ఎంత అన్నది లేదు, ఎవరి దగ్గర అన్నది లేదు, ఎప్పుడు అన్నది లేదు. "లోకాశలు" అన్న మాట కింద ఏదైనా దాక్కోగలదు. కన్నీళ్లతో గుండె తేలికైంది, ఆ తేలికే మారుమనస్సులా కనిపించింది. ఉపవాసం మంచిదే. కానీ ఆ 21 రోజుల్లో సప్లయర్ ఫోన్ నంబరు మారలేదు, శుక్రవారం సాయంత్రపు మీటింగు మారలేదు, ఇంటి ఖర్చు పైసా తగ్గలేదు. మత్తయి 12వ అధ్యాయంలో యేసు చెప్పిన, వదిలి వెళ్లిన అపవిత్రాత్మ తిరిగొచ్చి చేరిన, ఊడ్చి అమర్చిన ఖాళీ ఇల్లు సరిగ్గా ఇదే.

సంఘాన్ని తప్పు పట్టడానికి కాదు ఇది. బహిరంగ కూడికలో అంతకు మించి అడగకూడదు కూడా. కానీ ఆ రాత్రే ఒక పెద్ద అతన్ని పక్కకు పిలిచి, "బ్రదర్, లోకాశ అంటే ఏ విషయంలో?" అని అడిగి ఉంటే ఏడాది కలిసొచ్చేది.

14 రోజుల లెక్క

మొదటి పనిగా అతనికి ఇచ్చింది ఒక చిన్న నోటు పుస్తకం. పాపం రాయడానికి కాదు, పాపానికి ముందు గడిచిన గంట రాయడానికి. గడులు ఆరు: తేదీ, సమయం, ఎక్కడ, ఎవరు ఫోన్ చేశారు లేదా వచ్చారు, అప్పుడు ఒంట్లో, మనసులో ఎలా ఉంది, తనకు తాను చెప్పుకున్న మాట. చివరి గడి అన్నిటికంటే ముఖ్యం, అందరూ వదిలేసేదీ అదే. అందుకే ఆ మాట అక్షరాలా రాయమని పట్టుబట్టాలి.

14 రోజుల తర్వాత పుస్తకం తెరిస్తే కనిపించింది ఇది. కవర్లన్నీ శుక్రవారమే, సాయంత్రం 6 దాటాక, మిగతావాళ్లు వెళ్లిపోయాక. సప్లయర్ డెలివరీ చలాన్లున్న ఫైలు బల్ల మీద పెడతాడు. కవరు ఆ ఫైల్లోనే ఉంటుంది. చేతికి ఇవ్వడు, నోట మాటా ఉండదు. "చూసుకోండి సార్" అని వెళ్లిపోతాడు. ఆ రోజుల్లో మధ్యాహ్నం భోజనం ఆలస్యమైంది లేదా మానేశాడు. రెండుసార్లు అదే రోజు పై అధికారి అందరి ముందు మాటన్నాడు. చివరి గడిలో ఉన్న మాటలు నాలుగే, మళ్లీ మళ్లీ అవే: "అందరూ తీసుకుంటున్నారు." "పిల్లల కోసమే కదా." "ఎవరికీ నష్టం లేదు." "ఇందులోనూ దశమభాగం ఇస్తున్నాను."

నాలుగోది విన్నప్పుడు సలహాదారుడు ముఖం మార్చకూడదు. మతం తెలిసిన మనిషి మాత్రమే చెప్పుకోగల సాకు అది. అన్నిట్లోకీ బలమైనది, చివరిదాకా వదలనిదీ అదే.

యెహోషువ 7:21లో, యెరికో దోపుడు సొమ్ములో కొంత దాచుకున్న ఆకాను ఒప్పుకోలు చదివితే పనులు నాలుగు వరుసగా ఉంటాయి: చూశాడు, ఆశించాడు, తీసుకున్నాడు, దాచాడు. ఒక షీనారు పైవస్త్రం, 200 తులాల వెండి, 50 తులాల బంగారు కమ్మి. వస్తువు, తూకం సహా చెప్పాడు. మన సహోదరుడు మూడో మెట్టు దగ్గరే యుద్ధం చేస్తున్నాడు, అంటే ఫైలు తెరిచాక. అప్పటికే అలసట, ఆకలి, అవమానం, ఏకాంతం, అన్నీ అవతలి పక్షాన ఉన్నాయి. యుద్ధాన్ని మొదటి మెట్టుకు, కుదిరితే దానికీ ముందుకు జరపాలి. 1 కొరింథీయులకు 10:13 శోధనతో కూడ తప్పించుకొను మార్గం ఉంటుందంటుంది. ఇతని విషయంలో ఆ మార్గం శుక్రవారం 6 గంటలకు కాదు, గురువారం క్యాలెండర్ తెరిచినప్పుడు ఉంది.

ఆఫీసులో మార్చినవి

శుక్రవారం సాయంత్రపు మీటింగులు ఎత్తేశాడు. సప్లయర్లను కలవడం ఉదయం 10 నుంచి 12 లోపు, అద్దాల గదిలో, స్టోర్స్ నుంచి ఇంకొకరు పక్కన ఉండగా. కొటేషన్లు కనీసం మూడు, సీలు కవర్లలో, ఇద్దరి ముందు తెరిచి ఇద్దరి సంతకాలతో. సొంత ఫోన్లో సప్లయర్ల నంబర్లు తీసేసి, ఆఫీసు నంబరు, ఆఫీసు ఈమెయిల్ మాత్రమే. ఏ బహుమానం వచ్చినా 24 గంటల్లో లిఖితపూర్వకంగా తిప్పి పంపడం, ఆ ఉత్తరం నకలు పై అధికారికి.

ఇవన్నీ మేనేజర్‌గా అతని అధికారంలోనివే కాబట్టి ఎవరినీ అడగాల్సిన పని పడలేదు. కింది స్థాయి ఉద్యోగి అయితే ఈ మార్పుల్లో సగం కుదరవు. అప్పుడు బదిలీ అడగడమే ముందు పెట్టాలి. యోసేపు కూడా పోతీఫరు ఇంట్లో పద్ధతులు మార్చలేకపోయాడు. పోతీఫరు భార్య ప్రతిదినం అడుగుతుంటే దగ్గర ఉండడమే మానుకున్నాడు, చివరికి వస్త్రం వదిలేసి పారిపోయాడు.

కాదనడానికి ఒక మాట ముందే తయారు చేసుకోవాలి. మూడేళ్లుగా అతని ఓటమి నోరు విప్పకపోవడంలో ఉంది. కాబట్టి చిన్నది, మర్యాదగలది, వాదనకు చోటివ్వనిది కావాలి. రాసుకున్న మాట ఇది: "అది నాకొద్దండీ. ఆ 2 శాతం రేటులోనే తగ్గించి కొత్త కొటేషన్ పంపండి." సిట్టింగులో దీన్ని పదిసార్లు పైకి అనిపించాం, సలహాదారుడు సప్లయర్ పాత్రలో కూర్చుని. మొదటి మూడుసార్లు నవ్వేశాడు, నాలుగోసారి గొంతు పట్టేసింది. పదోసారికి మామూలుగా వచ్చింది. దీన్ని నాటకమని తీసిపారేసే సలహాదారులున్నారు. కానీ అసలు రోజున నోటికి వచ్చేది ముందు పలికిన మాటే.

సువార్తను కంపెనీ గదిలోకి తెచ్చి "నేను క్రైస్తవుడిని కాబట్టి తీసుకోను" అనమని చెప్పలేదు, కావాలనే. మూడేళ్లు తీసుకున్న మనిషి మొదటి రోజే ఆ మాటంటే సాక్ష్యం కాదు, ఎగతాళి పుడుతుంది. నడత కొన్ని నెలలు నిలిచాక ఎవరైనా కారణం అడిగితే చెప్పొచ్చు.

ఇంట్లో మార్చినవి

కవరు ఆగితే ఇంట్లో లోటు ఎంత? ఈ ప్రశ్న వేయకుండా చేసిన ఏ తీర్మానమూ రెండు నెలలు దాటదు. రోమీయులకు 13:14 శరీరేచ్ఛలు నెరవేర్చుకోడానికి ఏర్పాటు చేసుకోవద్దంటుంది. నెల బడ్జెట్టే అలాంటి ఏర్పాటుగా మారి ఉండొచ్చు. ఇతని ఇంటి ఖర్చులో సుమారు నాలుగో వంతు కవరు మీద నిలబడి ఉంది.

భార్యకు చెప్పక తప్పలేదు. ఆమెకు పూర్తిగా తెలియదు, కానీ అనుమానం లేకనూ పోలేదు. "బోనస్ అన్నారు కదండీ, నేనింకేం అడగలేదు" అంది. ఇక్కడ డబ్బు దాచి అబద్ధమాడి ఇద్దరూ చనిపోయిన దంపతులు అననీయ, సప్పీరాల కథ ఎత్తి ఆమెను భయపెట్టడం సులభం, తప్పు కూడా. ఆమె దాచిపెట్టలేదు, అడగలేదు. అడగడానికి ఇంట్లో చోటు లేదు. ఈ సిట్టింగులో పాస్టరమ్మ కూడా ఉన్నారు. అది మేలైంది.

ఇద్దరూ కలిసి ఖర్చుల్ని మూడు వరుసలుగా రాశారు: ఆపలేనివి, తగ్గించగలవి, కవరు వచ్చాకే మొదలైనవి. మూడో వరుసలోని పెద్ద కారు అమ్మేశారు. తగ్గించగలవాటిలో భార్య పెన్ను అతనికంటే కఠినంగా నడిచింది.

ఏ అబద్ధానికి ఏ వాక్యం

అరణ్యంలో సాతాను శోధనలకు యేసు ఇచ్చిన మూడు జవాబులూ ద్వితీయోపదేశకాండంలోవే: 8:3, 6:16, 6:13. ఆయన చాలా వాక్యాలు చెప్పలేదు. వచ్చిన శోధనకు సరిపోయే వాక్యం ఒక్కొక్కటి చెప్పాడు. అదే పద్ధతిలో ఇతని నోటు పుస్తకంలోని నాలుగు మాటలకు నాలుగు వాక్యాలు కంఠస్థం చేయించాం. "అందరూ తీసుకుంటున్నారు" అన్నదానికి నిర్గమకాండం 23:2, కీడు చేయడానికి గుంపును వెంబడించొద్దన్నది. "పిల్లల కోసమే"కు సామెతలు 15:27: "లోభి తన యింటివారిని బాధపెట్టును." "ఎవరికీ నష్టం లేదు"కు నిర్గమకాండం 23:8, లంచం చూపున్నవాడికే గుడ్డితనం తెస్తుందన్నది. దశమభాగం సాకుకు 1 సమూయేలు 15:22, బలికంటే మాట వినడమే మేలన్నది.

మూడో సాకు కాగితం మీదే కూలింది. సప్లయర్ ఆ 2 శాతం తన లాభంలోంచి తీసి ఇస్తున్నాడా, రేటులో కలిపి ఇస్తున్నాడా? పాత కొటేషన్లు పక్కపక్కన పెట్టి చూడమంటే అతనే లెక్క తేల్చాడు. రేటు 3 శాతం పైనే ఎక్కువ ఉంది. నష్టం కంపెనీది. ఈ లెక్క తేలాక అతని తీరు మారింది. అప్పటిదాకా అది బలహీనత, ఆ తర్వాత దొంగతనం.

తోడు ఎవరు ఉండాలి

ఇక్కడ మొదటి ప్రయత్నం బెడిసింది. అతనే ఎంచుకున్న స్నేహితుడు అదే పాటల బృందంలో ఉన్నాడు, ఇతని దగ్గర అప్పు తీసుకున్నాడు. అప్పున్న మనిషి గట్టిగా అడగలేడు. "ఎలా ఉన్నావ్ బ్రదర్?", "ప్రభువు కృప" అన్న రెండు మాటల్లో వారం ముగిసేది. నెల తర్వాత మార్చాం. ఈసారి ఇద్దరు: ఒకరు బ్యాంకులో పనిచేసి రిటైరైన పెద్ద, ఇంకొకరు ఇతని వయసువాడే, వేరే రంగంలో పనిచేసేవాడు. ఇద్దరికీ ఇతనితో డబ్బు సంబంధం లేదు, ఉద్యోగ సంబంధం లేదు.

వారానికి 45 నిమిషాలు, ఐదు ప్రశ్నలు. ఈ వారం ఏ సప్లయర్‌ను ఒంటరిగా కలిశారు? ఏదైనా ఇవ్వజూపారా, ఎంత? ఇంట్లో చెప్పని ఖర్చు ఏదైనా ఉందా? నాలుగు వాక్యాల్లో ఏది అక్కరకొచ్చింది? చివరిది: పై నాలుగింటిలో ఏదైనా అబద్ధం చెప్పారా? నెలకోసారి బ్యాంకు స్టేట్‌మెంట్ బల్ల మీద ఉండాలి. గలతీయులకు 6:1 సాత్వికమైన మనస్సు అడుగుతుంది, తన విషయమై చూచుకొమ్మంటుంది. అందుకే ఆ ఇద్దరూ తమ సంగతి ఒకటి చెప్పాకే ప్రశ్నలు మొదలుపెట్టేవారు.

నాలుగో నెలలో జారుడు

కవరు రాలేదు. సప్లయర్ ఇంకో దారిలో వచ్చాడు. పెద్ద కూతురి కాలేజీ ఫీజు గడువు దగ్గరపడిందని ఎక్కడో విని, "అప్పుగా తీసుకోండి సార్, ఎప్పుడైనా ఇవ్వొచ్చు" అన్నాడు. వడ్డీ లేదు, కాగితం లేదు. ఇతను సరే అన్నాడు.

మన ఏర్పాటులోని లోపం ఇది. కమిషన్‌కు గోడ కట్టాం, సహాయానికి కట్టలేదు. నీతిగా ఉండాలని చూసే మనిషికి శోధన రెండోసారి పాత వేషంలో రాదు. అయితే ఒక నిబంధన పనిచేసింది. సందేహం కలిగిన ఏ విషయమైనా 24 గంటల్లో ఇద్దరిలో ఒకరికి చెప్పాలి, అది పాపమా కాదా అన్న తీర్పు తర్వాత. మర్నాడు ఉదయం బ్యాంకు పెద్దకు ఫోన్ చేశాడు. ఆయన ఒకే మాట అడిగాడు: "మీరు ఆ కుర్చీలో లేకపోతే ఆయన అప్పిచ్చేవాడా బ్రదర్?" అదే రోజు డబ్బు ఖాతా ద్వారా తిరిగి వెళ్లింది, ఈమెయిల్‌లో రెండు లైన్లతో. ఫీజు కాలేజీతో మాట్లాడి మూడు వాయిదాలు చేసుకున్నారు.

దీన్ని పతనంగా లెక్కేయలేదు. మూడేళ్లు దాచిన మనిషి ఒక్క రోజులో చెప్పాడు. చూడాల్సిన కొలత అదే: పడటానికీ చెప్పడానికీ మధ్య ఎంత సమయం.

తిరిగి చెల్లించడం

ఈ భాగంలోనే సలహాదారులు ఎక్కువగా తడబడతారు, తొందరపడతారు కూడా. డబ్బు ఎవరికి తిరిగివ్వాలి? సప్లయర్‌కు ఇస్తే లంచం ఇచ్చినవాడికే లాభం. నష్టపోయింది కంపెనీ. కాబట్టి కంపెనీకే.

ఎంత? లేవీయకాండం 6వ అధ్యాయం ప్రకారం మోసంతో తీసుకున్న సొమ్ము మొత్తం, దాని మీద అయిదో వంతు. నిర్గమకాండం 22లో దొంగిలించి అమ్మేసినవాడు గొర్రెకు నాలుగు, ఎద్దుకు ఐదు ఇవ్వాలి. సుంకరి జక్కయ్య నాలుగంతలు తిరిగిస్తానన్నది ఎవరూ విధించింది కాదు, తనంతట తాను అన్నది. తానే వచ్చి ఒప్పుకున్నవాడికీ పట్టుబడినవాడికీ ధర్మశాస్త్రంలో భారం ఒకటి కాదు. భయంతో బిగుసుకుపోయిన మనిషికి ఈ తేడా వివరిస్తే ఊపిరి ఆడుతుంది. అయితే ఇవి సంఘానికి దారి చూపే సూత్రాలే. దేశ చట్టం ముందు ఒప్పుకోలు వేరే సంగతి.

అందుకే వరుస ముఖ్యం. ముందు తీసుకోవడం ఆగాలి. తర్వాత తీసుకున్నదంతా, గుర్తున్నంతలో, నెలవారీగా రాయాలి. గుర్తులేని నెలకు ఎక్కువ అంకె వేయాలి. తర్వాత భార్య. తర్వాత న్యాయవాది. ఆ తర్వాతే యాజమాన్యం. న్యాయవాదిని కలవకుండా ఉద్వేగంలో యాజమాన్యం ముందు కూర్చోబెట్టడం ఆత్మీయత కాదు, నిర్లక్ష్యం. ప్రభుత్వ ఉద్యోగి అయితే ఇది నేరుగా నేర విచారణ దాకా వెళ్తుంది, కుటుంబం దానికి ముందే సిద్ధపడాలి. సలహాదారుడు "ప్రభువు చూసుకుంటాడు, ఉద్యోగం పోదు" అని మాటివ్వకూడదు. పోవచ్చు. ఈ కేసులో కలిపిన వాళ్లలో ఒకరికి పోయింది.

ఇక్కడ రాస్తున్న వ్యక్తిని పర్చేజ్ నుంచి తప్పించి స్టోర్స్‌కు మార్చారు. హోదా తగ్గింది. అసలు, అయిదో వంతు కలిపి 36 నెలల్లో జీతంలోంచి కోత.

కానుక సంగతి

మిగిలింది దశమభాగం. కవర్లలోంచి మూడేళ్లు సంఘానికి వచ్చిన డబ్బు. పెద్దల్లో మాట రెండుగా చీలింది. తెలియక తీసుకున్నాం, మందిర పనికి ఖర్చయిపోయింది, ఇప్పుడు లేవనెత్తడం ఎందుకన్నారు కొందరు. ద్వితీయోపదేశకాండం 23:18 పడుపుసొమ్మును మొక్కుబడిగా మందిరంలోకి తేవొద్దంటుంది. యూదా విసిరేసిన 30 వెండి నాణాలను, వాటిని ఇచ్చిన ప్రధాన యాజకులే కానుక పెట్టెలో వేయడానికి ఒప్పుకోలేదు. ఈ రెండూ ముందు పెట్టాక, లెక్క తేలిన మొత్తాన్ని సంఘం సాధారణ నిధి నుంచి నాలుగు విడతలుగా అతనికి తిరిగిచ్చింది, కంపెనీకి కట్టే వాయిదాల్లోకి మాత్రమే వెళ్లాలన్న షరతుతో. బహిరంగంగా చెప్పలేదు. సంఘ లెక్కల పుస్తకంలో మాత్రం ఉంది.

కానుకలు లెక్కపెట్టే పని నుంచి ఏడాది తప్పించారు. పాటల బృందం నడిపించడం ఆరు నెలలు ఆపారు, వెనక వరుసలో పాడటం ఆపలేదు. మా అభిప్రాయంలో ఇదే సరైన కొలత. పరిచర్య అంతా ఒక్కసారి తీసేస్తే మనిషి ఆదివారం రావడమే మానేస్తాడు. ఏమీ తీయకపోతే మిగతావాళ్లకు వేరే పాఠం అందుతుంది. ప్రభువు బల్ల విషయం కాపరికి వదిలాం. యాజమాన్యంతో మాట్లాడేదాకా అతనే ఆగాడు, ముందు సహోదరుడితో సమాధానపడి ఆ తర్వాతే అర్పణ తెమ్మన్న మత్తయి 5:23, 24 చదువుకుని.

ఇప్పుడు

స్టోర్స్‌లో కవర్లు లేవు, వేరేవి ఉన్నాయి. పాత సామాను స్క్రాప్‌గా రాసి బయటికి పంపడం, తూకంలో తేడా, తక్కువొచ్చిన సరుకుకు పూర్తి సంతకం. బదిలీ అయిన వారంలోనే నోటు పుస్తకం మళ్లీ 14 రోజులు తెరిపించాం. వారపు ఐదు ప్రశ్నల్లో మొదటిది మార్చాం: ఈ వారం చూడకుండా సంతకం పెట్టిన కాగితం ఏదైనా ఉందా? జీతం కోత పూర్తయ్యేదాకా బ్యాంకు స్టేట్‌మెంట్ నెలనెలా చూస్తారు, ఆ తర్వాత మూడు నెలలకోసారి. ఆ ఇద్దరిలో ఎవరు ఊరు మారినా, వెళ్లేముందే తన స్థానంలో ఇంకొకరిని అప్పగించాలి.